డబ్బాల కింది కాగితాలు

ఆరు కొట్టకముందే ముందు గదిలో సుద్దముక్క చప్పుడు మొదలైంది. వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి పెద్దావిడ ఆ చప్పుడు వింటూ నిలబడింది. పద్దెనిమిదేళ్ళుగా వింటున్న చప్పుడే. కోడలు ఉదయం లెక్కలు చెబుతుంది, సాయంత్రం ఫిజిక్సు, ఆదివారాలు కంప్యూటర్లు. లెక్కలైతే సుద్ద టకటకలాడుతుంది. ఫిజిక్సైతే కోడలు ఏదో ఒకటి విసురుతుంది, దొర్లిస్తుంది, దారానికి కట్టి వేలాడదీస్తుంది. కంప్యూటర్ల రోజున మాత్రం ఇల్లంతా నిశ్శబ్దం, మీటల మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు తప్ప.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. గుమ్మం పక్కన ఒక రేకు డబ్బా. లోపలికి వచ్చే ప్రతి పిల్లా పిల్లాడూ తమ రబ్బరు అందులో వేసి మరీ రావాలి. "తప్పు చెరిపేస్తే అది ఎక్కడ చేశారో మీకే తెలీదు, మళ్ళీ అక్కడే పడతారు. ఒక్క గీత కొట్టండి, కింద మళ్ళీ చెయ్యండి. నా గదిలో తప్పు కనపడాలి" అంటుంది కోడలు. ఇంకో పద్ధతి, సొంత కూతురైనా ఆ గదిలో ఉన్నంతసేపూ ఆవిడను 'మేడమ్' అనే పిలవాలి. "అందరి పిల్లలూ నాకొకటే అని వాళ్ళకి తెలియాలి కదత్తయ్యా" అని ఎప్పుడో చెప్పింది.

ఆ రోజు పది గంటలకు ప్రవేశ పరీక్ష. అందుకని క్లాసు అరగంటే. చివర్లో కోడలు ముందు బెంచీలో కూర్చున్న తన కూతురి నోటుబుక్కు తీసి పైకెత్తింది. పదహారేళ్ళ ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుకా అని పిలుస్తారు. చిన్నప్పుడు ఒక్క చోట నిలిచేది కాదు, నోరు మూసేది కాదు. ఇప్పుడు రెండూ తగ్గాయి.

"చూడండి, తప్పులన్నీ చేసి, నేర్చుకుని, దాటి వచ్చాక పుస్తకం ఇలా ఉంటుంది. రెండు నెలల్లో ఒక్క కొట్టివేత లేదు" అంది కోడలు. గొంతులో మేడమ్ పోయి అమ్మ తొంగిచూసింది.

వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. ప్రతిదానికీ ఎందుకండీ, ఎందుకండీ అని అడుగుతుందని ఆ పిల్లకు 'ఎందుకండీ' అనే పేరు పడిపోయింది. "ఎందుకండీ మేడమ్, తనకసలు తప్పే రాదా? మా పుస్తకాలు చూస్తే కోడి గీకినట్టుంటాయి!"

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దావిడకు మనవరాలి మెడ మాత్రమే కనిపించింది. చెమట పట్టి, జుట్టు మెడకు అతుక్కుపోయి ఉంది. ఇంకా ఎండ కూడా రాలేదు.

పెద్దావిడకు ఒక సంగతి తెలుసు. రెండు నెలలుగా పొద్దున్నే పక్కబట్టలు దులుపుతుంటే మనవరాలి దుప్పటిలోంచి సన్నటి నల్లటి నలుసులు రాలుతున్నాయి. మొదటిరోజు చీమలనుకుంది. దగ్గరికి తీసి చూస్తే రబ్బరు పొట్టు. ఒక్క కొట్టివేత లేని పుస్తకం అక్కడ, దుప్పటి నిండా రబ్బరు పొట్టు ఇక్కడ. అడుగుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. 'పిల్ల చదువు సంగతి నాకు వదిలెయ్యండి అత్తయ్యా' అని కోడలు ఒకసారి అన్న మాట గుర్తొచ్చి మింగేసింది. ఆ పొట్టును ఊడ్చి పారబోస్తూ వచ్చింది.

పలహారం ముందు కూర్చుని పిచ్చుక ముద్ద ముట్టలేదు. పెద్దావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది.

"ఏమ్మా, భయంగా ఉందా?"

"నానమ్మా, నేను తప్పితే అమ్మ రేపు ఆ గదిలోకి ఎలా వెళ్తుంది? వాళ్ళందరి ముందు ఎలా నిలబడుతుంది?"

"అవేం మాటలే, శుభమా అని పరీక్షకి వెళ్తూ..." అంటుండగానే బయట స్కూటరు మోగింది. "ఏయ్ పిచ్చుకా, ఎగిరొచ్చి కూర్చో! నిన్ను దింపి నేను ప్రెస్సుకి పోవాలి" అని కొడుకు కేకేశాడు. అచ్చు యంత్రాల మధ్య పనిచేసీ చేసీ మామూలు మాటైనా కేకలా వస్తుంది అతనికి. మనవరాలు గుమ్మం దాటబోతూ వెనక్కి వచ్చి నానమ్మ భుజం మీద ఒక్క క్షణం తల ఆనించి వెళ్ళింది. ఎప్పుడూ అలా చేసే పిల్ల కాదు. స్కూటరు మలుపు తిరిగేదాకా పెద్దావిడ భుజం మీద ఆ బరువు అలాగే ఉండిపోయింది.

*

ఒంటి గంటకు పరీక్ష అయిపోతుంది. ఒకటింపావుకు ఫోను మోగింది. కోడలు నవ్వుతూ తీసింది. "ఎలా రాశారే?" అంది. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"ఖాళీగానా? మొత్తం మూడు గంటలూనా? సరిగ్గా చూశావా?"

అవతల ఎందుకండీ పిల్ల ఏడుపు గొంతు పెద్దావిడకూ వినిపించింది. "నా ముందు బల్లే మేడమ్ తనది. నంబరు కూడా అతికించి ఉంది. తను రాలేదు. ఎందుకండీ రాలేదు?"

కోడలు ఫోను పెట్టేసింది. పిచ్చుక ఫోను ఇంట్లోనే ఉంది, పరీక్షకు తీసుకుపోనివ్వరు కదా. కోడలు భర్తకు చేసింది. "గేటు దగ్గరే దింపాను కదే! లోపలికి పోతుంటే చూశాను కూడా!" అన్నాడు అతను. గేటు లోపలికి పోవడం చూశాడు, హాల్లోకి పోవడం చూడలేదు. వెంటనే బయలుదేరుతున్నానన్నాడు.

కోడలు పిచ్చుక బల్ల మీద పడింది. పుస్తకాలు, సంచీ, పరుపు కింద, అన్నీ తిరగేసింది. ఏం వెతుకుతోందో నోటితో అనలేదు గానీ పెద్దావిడకు అర్థమైంది. చీటీ ఏమైనా రాసిపెట్టిందేమోనని. చీటీ ఏదీ దొరకలేదు. పొద్దున్న అందరికీ చూపించిన నోటుబుక్కు దొరికింది.

కోడలు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగింది.

"పదిహేడో లెక్క..." అంది తనలో తాను. "బంతిని పైకి విసిరితే మళ్ళీ చేతికి రావడానికి నాలుగు సెకన్లు. జవాబుల్లో టైపు చేస్తూ పొరపాటున నాలుగు ముందు ఒకటి నొక్కాను. పద్నాలుగని పడింది. వారం తర్వాత చూసుకుని దిద్దాను. పిల్లలకి నేను జవాబులు ఎప్పుడూ ఇవ్వను అత్తయ్యా, అవి నా కంప్యూటర్లోనే ఉంటాయి."

"అయితే?"

"దీన్లో పద్నాలుగే ఉంది. మెట్టు మెట్టుకీ వంచి, మెలిపెట్టి, పద్నాలుగుకే తెచ్చింది. పద్నాలుగు సెకన్లు గాల్లో ఉండడానికి అది బంతా, పిట్టా?"

లేచి వెళ్ళి కంప్యూటరు తెరిచింది. ఆ జవాబుల ఫైలును ఏ రోజు ఏ గంటకు తెరిచారో అది వరసగా చూపించింది. రోజూ మధ్యాహ్నం మూడున్నర. కోడలు సాయంత్రం క్లాసుకు ముందు ఓ కునుకు తీసే వేళ. కోడలు కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"నాకు తెలుసమ్మా" అంది పెద్దావిడ. "జవాబుల సంగతి కాదు. రబ్బరు పొట్టు. రెండు నెలలుగా దాని దుప్పట్లో ఊడుస్తున్నాను. నీకు చెప్పలేదు."

కోడలు తలెత్తి చూసిన చూపుకు పెద్దావిడ గోడకు ఆనుకుంది. "రెండు నెలలా? ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? ఎందుకు?"

"భయమేసింది. నాకేం తెలుసులే లెక్కల సంగతి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను."

తిట్టినా బాగుండేది. కోడలు తిట్టలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, "మీరు ఇంట్లోనే ఉండండి, అది వస్తే ఎవరో ఒకరుండాలి" అని పరీక్ష జరిగిన చోటికి పరుగెత్తింది. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుందని పెద్దావిడ చూసేసరికే వీధి దాటిపోయింది.

*

ఒంటరిగా మిగలగానే ఆవిడ చేసిన మొదటి పని మేడెక్కడం. మోకాళ్ళ నొప్పితో ఏడాదిగా ఎక్కని మెట్లు అవి. పైన తలుపు తోసే ముందు కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే ఆరేసిన బట్టలు ఊగుతున్నాయి, అంతే. నీళ్ళ తొట్టి మూత మూసే ఉంది. అయినా వెళ్ళి ఎత్తి చూసింది. నీళ్ళలో తన మొహమే కనిపించి ఉలిక్కిపడింది. పిట్టగోడ పట్టుకుని వీధిలోకి తొంగిచూసే ధైర్యం మాత్రం చాలలేదు. చెవులు రిక్కించి వింది. కింద ఎవరో నవ్వుకుంటూ పోతున్నారు. అయితే ఏమీ కాలేదన్నమాట, అనుకుని మెట్ల మీదే కూలబడింది.

కిందికి దిగి వస్తుంటే గుమ్మం పక్కన తాళాలు తగిలించే మేకు కంట పడింది. దాని పక్క మేకుకు ఎప్పుడూ వేలాడే పిచ్చుక బస్సు పాసు లేదు. తండ్రి స్కూటరు మీద వెళ్ళిన పిల్లకు పాసెందుకు?

ఇక ఆగలేదు. తలుపు దగ్గరగా లాగి, వీధి చివర బస్సు స్టాపుకు నడిచింది. అక్కడ చెప్పులు కుట్టే ముసలాయన తప్ప ఎవరూ లేరు. ఒక్కో బస్సూ వస్తోంది, ఆగుతోంది, పోతోంది. కిటికీల వెంట పెద్దావిడ కళ్ళు పరుగెత్తాయి. ఊరు చుట్టూ తిరిగే రింగు బస్సు వచ్చింది. వెనక నుంచి మూడో కిటికీలో, అద్దానికి తల ఆనించి, పిచ్చుక.

"అమ్మలూ!" అని అరిచింది పెద్దావిడ. పిల్ల చూసింది. ఇద్దరి చూపులూ కలిశాయి. పిల్ల మొహం బెదిరిపోయింది. సీట్లో కిందికి జారిపోయింది, కిటికీ ఖాళీ అయిపోయింది. పెద్దావిడ చేతులూపుతూ నాలుగడుగులు వేసేలోపు బస్సు కదిలి వెళ్ళిపోయింది.

"అది మళ్ళీ వస్తుందా నాయనా?" అని చెప్పులాయనను అడిగింది. ఊపిరి అందడం లేదు.

"రింగు బస్సే కదమ్మా, రాకేం జేస్తుంది? గంటకో పది నిమిషాలు తక్కువ. రా, ఈ నీడన కూర్చో. ఎవరు, మనవరాలా?"

"ఊఁ."

"దిగకపోతేనేం, అందులో ఉందిగా. ఉంటే వస్తుంది."

ఉంటే. ఆ ఒక్క మాట పట్టుకుని పెద్దావిడ యాభై నిమిషాలు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. తనను చూసి బెదిరి దిగిపోయిందేమో. ఊరి చివర కాలవ వంతెన దగ్గర ఆ బస్సు ఆగుతుంది. అసలు తాను ఎందుకు అరిచింది? అరవకుండా చెయ్యి ఊపి ఉంటే? ఇంటికి పోయి కోడలికి కబురు చెబుదామంటే ఈలోపు బస్సు వచ్చిపోతే ఎలా? ఫోను నంబర్లు ఒక్కటీ గుర్తులేవు. చెప్పులాయన ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. పాపం, ధైర్యం చెప్పడానికే. ఆవిడకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

బస్సు ముక్కు మలుపులో కనపడగానే లేచి రోడ్డు మధ్యదాకా వెళ్ళిపోయింది. డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. "ఏమ్మా, నన్ను జైలుకు పంపుదామనా?" అన్నాడు. ఆవిడ వినిపించుకోకుండా కమ్మీ పట్టుకుని ఎక్కింది. వెనక నుంచి మూడో సీటు. ఉంది.

ఆవిడ పక్కన కూర్చుంది. కొంగుతో మనవరాలి మొహం తుడిచి, ఆ చల్లటి చెయ్యి తన ఒడిలో పెట్టుకుంది. కండక్టరమ్మ దగ్గరికి వచ్చి, "మీ పిల్లేనా? పొద్దున్నుంచీ దిగదే! ఐదు చుట్లయింది. అడిగితే చివరి స్టాపు అంటుంది. రింగు బస్సుకు చివరి స్టాపెక్కడిదమ్మా?" అంది. పెద్దావిడ కండక్టరమ్మ ఫోను అడిగి తీసుకుని, మనవరాలి చేతే తండ్రి నంబరు నొక్కించి, "దొరికింది నాన్నా, తీసుకొస్తున్నాను, దాని అమ్మకి చెప్పు" అని పెట్టేసింది.

అప్పుడు పిచ్చుక ఏడ్చింది. బస్సు ఊపుకు మాటలు ముక్కలు ముక్కలుగా పడ్డాయి.

"హాలు దాకా పోయాను నానమ్మా. గుమ్మం దగ్గర కాళ్ళు కదల్లేదు. లోపల పేపరుంటుంది, కంప్యూటరుండదు కదా. ఇంటికొద్దామంటే... దిగితే ఇంటికి రావాలి కదా. అందుకని దిగలేదు."

"అర్థం కాలేదని అమ్మని అడగలేకపోయావా తల్లీ?"

"ఎవర్ని అడగను? గదిలో అడిగితే మేడమ్ కూతురికే రాదంటారు. బయట అడిగితే పొద్దున్న చెప్పానుగా అంటుంది. ఆమెకి ఒక్కసారి కూడా తప్పు రాదు నానమ్మా. బోర్డు మీద ఎప్పుడైనా కొట్టివేత చూశావా? నేను మాత్రం వంద చెరుపుతాను. నేను ఆమె కూతుర్నే కాదేమో అనిపిస్తుంది."

పెద్దావిడకు వంటింటి అరలు కళ్ళ ముందు కదిలాయి. "పద. దీనికి జవాబు నా దగ్గరుంది" అంది.

*

గుమ్మంలోనే కోడలు ఎదురైంది. కూతుర్ని రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది. "ఎక్కడికి పోయావే? ప్రాణాలు తోడేశావు కదే! పరీక్ష పోతే పోయింది, నీకేమైనా అయితే..." అని, మరుక్షణమే, "దొంగతనంగా జవాబులు చూసి రాస్తావా? నా కూతురివై ఉండి?" అని చెయ్యెత్తింది.

కొడుకు మధ్యలోకి వచ్చాడు. "ముందు దాన్ని లోపలికి రానియ్యవే!"

"మీరుండండి! పొద్దున ఇరవైమంది ముందు ఆ పుస్తకం ఎత్తి చూపించాను. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"చూశావా నానమ్మా? పొద్దున నేనన్నదే అడుగుతోంది" అంది పిచ్చుక నెమ్మదిగా. ఆ మాటకు కోడలు ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

వంటింట్లోంచి డబ్బాలు దించుతున్న చప్పుడు వచ్చింది. అందరూ అటు వెళ్ళారు. పెద్దావిడ అరల్లో డబ్బాలన్నీ నేల మీదికి దించి, వాటి కింద పరిచిన కాగితాలు లాగుతోంది. నూనె మరకలు, పసుపు మరకలు, డబ్బా అడుగుల గుండ్రటి అచ్చులు. వాటి నిండా కోడలి చేతిరాత. అంకెలు, బాణాలు, అడ్డగీతలు. కొట్టివేతల మీద కొట్టివేతలు.

"రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక మీ అమ్మ గంటసేపు తలుపేసుకుంటుంది కదా, రేపటి లెక్కలు ముందుగా ఈ కాగితాల మీదే చేసుకుంటుంది. అయ్యాక ఉండచుట్టి బుట్టలో పారేస్తుంది. ఒక వైపు బాగానే ఉంది కదా అని నేను సాపుచేసి డబ్బాల కింద వేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా మనం అన్నం తిన్నది మీ అమ్మ తప్పుల మీదేనే" అంది పెద్దావిడ.

"అత్తయ్యా, అవెందుకు..." అని కోడలు చెయ్యి చాచింది. అప్పటికే పిచ్చుక ఒక కాగితం వెలుతురులో పట్టుకుని చదువుతోంది.

"ఇది బంతి లెక్క" అంది ఆశ్చర్యంగా. "పదిహేడోది. మైనస్ పెట్టాల్సిన చోట ప్లస్ పెట్టింది. కాలం మైనస్ నాలుగు వచ్చింది. పక్కన... పక్కన రాసుకుంది. 'విసరకముందే చేతికొచ్చిందట బంతి! నీ మొహం! మళ్ళీ చెయ్.'"

కొడుక్కు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక అటు తిరిగాడు.

పిచ్చుక మాత్రం నవ్వలేదు. "నాకూ ఇదే వచ్చేది అమ్మా. ప్రతిసారీ మైనస్ నాలుగే. రబ్బరుతో చెరిపేసి, చెరిపేసి, కాగితం చిరిగిపోయాక నీ జవాబు చూశాను. పద్నాలుగని ఉంది. నువ్వు రాశావంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను."

కోడలు నేల మీద, ఆ డబ్బాల మధ్యే కూర్చుండిపోయింది. "అందరి రబ్బర్లూ గుమ్మం దగ్గర లాక్కున్నాను" అంది చివరికి. "నా తప్పులు మాత్రం నలిపి బుట్టలో వేసుకున్నాను. ఒక్క కాగితమైనా నీకు చూపించి ఉంటే..." కూతురి చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది. "నువ్వు నా కూతురివేనే. ఇదిగో, అదే ప్లస్సు, అదే చోట."

ఇద్దరూ ఏడుస్తుంటే పెద్దావిడ పక్కకు వచ్చి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. కోడలు కళ్ళు తుడుచుకుని, "రేపటి నుంచి మీరేం చూసినా నాకు చెప్పాలి అత్తయ్యా. నాకు కోపమొచ్చినా చెప్పాలి" అంది. పెద్దావిడ తలూపింది.

ఐదు కావస్తుంటే ముందు గదిలో బెంచీలు కిర్రుమన్నాయి. ఫిజిక్సు పిల్లలు వచ్చేశారు. ఈ రోజుకు పంపించేద్దామా అని కొడుకు అడిగితే కోడలు వద్దంది. పసుపు మరక పడ్డ ఆ కాగితం పట్టుకుని గదిలోకి వెళ్ళి, బోర్డు మధ్యలో అతికించింది. "ఇది నా తప్పు. ఎక్కడుందో చెప్పండి" అంది.

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. "ఎందుకండీ మేడమ్, నిజంగా మీదేనా?" అని నోరెళ్ళబెట్టింది ఎందుకండీ పిల్ల.

పిచ్చుక గుమ్మం దగ్గర నిలబడింది. అందరి చూపులూ దాని మీదే. జేబులోంచి అరిగి అరిగి బఠాణీ గింజంత అయిన రబ్బరు తీసి రేకు డబ్బాలో వేసింది. ముందు బెంచీకి వెళ్ళకుండా ఎందుకండీ పిల్ల పక్కన చోటు చేయించుకుని కూర్చుంది. పెద్దావిడ తలుపు చాటు నుంచి చూస్తోంది. మనవరాలి చెయ్యి బల్ల మీంచి కొంచెం లేచింది, దిగింది. మళ్ళీ లేచింది.

"మేడమ్..." అంది. ఆగింది. "అమ్మా, ఆ మైనస్ ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాలేదు. మొదట్నుంచీ అర్థం కాలేదు."

ఎవరూ నవ్వలేదు. సుద్దముక్క కింద పెట్టి, కోడలు నడిచి వచ్చి ఆ వెనక బెంచీలో కూతురి పక్కన ఇరుక్కుని కూర్చుంది. "ఇలా ఇవ్వు నీ పుస్తకం. ముందు బంతి పైకి పోయేటప్పుడు చూద్దాం" అంది.

వంటింట్లో డబ్బాలన్నీ ఇంకా నేల మీదే ఉన్నాయి. పెద్దావిడ ఒక్కొక్కటీ ఎత్తి, కాగితం లేని అరల మీద పెట్టసాగింది. ముందు గదిలోంచి పెన్సిలు ఒక అడ్డగీత కొట్టిన చప్పుడు వినపడింది. తర్వాత మనవరాలి గొంతు, "మళ్ళీ చేస్తాను, ఉండు."